నాలుగో తలుపుకి పతకం

ఒకటో రోజు

నీటి మట్టం: తెలియదు. ఇది కొండ మీది శిబిరం, సముద్రం ఆరు మైళ్ళ దూరం. మూడేళ్ళుగా చిట్టాలో మొదటి వరుస అదే రాస్తూ వచ్చాను కాబట్టి చెయ్యి దానంతటది అక్కడికి పోయింది.

నా పేరు గనగళ్ల దమయంతి. తీర సేనలో లాన్స్ నాయక్‌ని. కొత్తరేవు సముద్రపు గోడకి ఉన్న తొమ్మిది తలుపుల్లో నాలుగోదాని మీట నా చేతిలో ఉండేది. అధికారులకి వెళ్ళే చిట్టా మిషనే రాసుకుంటుంది. ఈ పుస్తకం నాది. చేత్తో రాసేదాన్ని ఎవరూ చదవరు, అందుకే ఇందులో నిజం రాసుకోవచ్చని మా హవల్దారు సూరాడ పోలయ్య అలవాటు చేశాడు. నేను ఆయన్ని పోలయ్యన్న అనేదాన్ని. చనిపోయి ఇరవై మూడు రోజులైంది.

ఈ ఏటి ‘శౌర్య సంధ్య’లో నాకు సాగర కవచం పతకం ఇస్తున్నారు. పతకాలు అందుకునేవాళ్ళం పదకొండు మందిమి. తలా ఒక గది. కుళాయి తిప్పితే ఉప్పు లేని నీళ్ళొచ్చాయి. రెండుసార్లు తలంటుకున్నాను. తరవాత సిగ్గేసింది.

కార్యక్రమం నడిపించే మనిషి పేరు కౌండిన్య. మెత్తగా మాట్లాడతాడు, అందరినీ అండీ అంటాడు. పన్నెండో రోజు సాయంత్రం ప్రసారం అనీ, ప్రతి వీధి గోడ మీదా వస్తుందనీ, సేన క్వార్టర్లలో అందరూ చూసి తీరాలనీ చెప్పాడు. నా గురించి వేదిక మీద చదివే కాగితం ఇచ్చి, బట్టీ పట్టక్కర్లేదు, ఒకసారి చూసుకోండి చాలన్నాడు.

రెండో రోజు

కాగితంలో ఉన్నది ఇది: “శత్రువు పంపిన మనుషుల్లేని పడవలు గోడను ఢీకొని బయటి సొరంగం పగిలిన వేళ, లాన్స్ నాయక్ దమయంతి చెదరని నిబ్బరంతో తలుపు మూసి దిగువపేటలోని పదకొండు వేలమందిని కాపాడారు. అంతటితో ఆగక, బయట చిక్కుకున్న ఏడుగురు పంపు కార్మికులకు వైర్‌లెస్‌లో దారి చెప్పి, గాలి గొట్టం గుండా క్షేమంగా పైకి చేర్చారు.”

తలుపు మూసిన మాట నిజం. మిగతాది నిజం కాదు.

ఆ మధ్యాహ్నం మొదటి పడవ తగిలినప్పుడు పంపు కార్మికులు ఏడుగురూ తలుపుకి అవతల, బయటి సొరంగంలో ఉన్నారు. కంట్రోలు నుంచి మూసెయ్యమని ఆజ్ఞ వచ్చింది. నాలుగో తలుపు పైనుంచి కిందికి దిగడానికి నలభై సెకన్లు పడుతుంది. పోలయ్యన్న నా పక్కనే ఉన్నాడు. ఆపు, ఏడుగురు ఉన్నారన్నాడు. కంట్రోలు ఆపొద్దంది. నేను ఆపలేదు. ఆయన నా వంక ఒకసారి చూసి, దిగుతున్న తలుపు కిందినుంచి వంగి అవతలికి దూరిపోయాడు.

గాలి గొట్టంలోని ఇనుప నిచ్చెన కింది సగం ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. ఆయన గోడకి వీపు ఆనించి నిలబడి, ఒక్కొక్కరినీ భుజాల మీదికి ఎక్కించుకుని మిగిలిన మెట్టు అందించాడు. ఏడుగురూ గోడ పైకి చేరారు. ఏడోవాడు చేరగానే గొట్టం కూలింది. పోలయ్యన్న కిందే ఉండిపోయాడు.

విచారణ రెండు రోజుల్లో ముగిసింది. ఆజ్ఞ మీరి డ్యూటీ వదిలి వెళ్ళినట్టు తేల్చారు. గోడ మీద అమరుల వరుసలో ఆయన పేరు చెక్కరు. కుటుంబం క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

పొద్దున కౌండిన్యతో ఈ కాగితంలో ఉన్నది నేను చెయ్యలేదన్నాను. ఆయనకి ముందే తెలుసు. హెల్మెట్ కెమెరాల రికార్డులన్నీ చూశాడట. మరి పోలయ్యన్నకి ఎందుకివ్వరని అడిగాను.

“చనిపోయినవాళ్ళు నడిచి రాలేరు కదండీ,” అన్నాడు. “అదీ కాక, తలుపు మూసిన మనిషికీ ఇచ్చి, తలుపు దాటిన మనిషికీ ఇస్తే, రేపు ఏది చెయ్యాలో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని గదికి వచ్చేశాను.

మూడో రోజు

ఇవాళంతా అద్దాల గదిలో గడిచింది. చుట్టూ అద్దాలు, వాటి వెనక కెమెరాలు. నడిపించారు, సెల్యూట్ చేయించారు, మెట్లు ఎక్కించారు, దిగమన్నారు. నవ్వమన్నారు. మేకప్ చేసే ఆవిడ పళ్ళు కనబడకుండా నవ్వమంది. తరవాత కళ్ళనీళ్ళు పెట్టుకోమన్నారు. రాలేదు. ఏవో చుక్కలు వేశారు, వచ్చాయి.

భోజనం అయ్యాక అ నుంచి ఱ దాకా చదివించి, ఆ పైన మూడు పేజీల వాక్యాలు చదివించారు. ఎందుకంటే, దర్జీ తీసుకునే కొలతల్లాంటివేనన్నాడు కౌండిన్య. వేదిక మీద దీపాలూ మైకులూ నాకు సరిపోయేలా పెట్టుకోవడానికట.

గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించాను. ఉప్పు అడిగితే చిన్న గాజు సీసాలో ఇచ్చారు. దిగువపేటలో గోడలు గోకితే వస్తుంది ఉప్పు.

నాలుగో రోజు

బూట్లు కొరుకుతున్నాయి. పక్క గదిలో ఉండే అతను ఆకాశ దళంవాడు. తనకి ఏ పనికి పతకం ఇస్తున్నారో కాగితం చదివాకే తెలిసిందన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

ఆరో రోజు

సర్వీసు పుస్తకం తెచ్చుకోవాలని సగం రోజు సెలవడిగి క్వార్టర్లకి వెళ్ళాను. వరుసలో చివరి ఇల్లు పోలయ్యన్నది. దాటి వెళ్ళిపోదామనుకున్నాను గానీ ఆయన భార్య నూకరత్నం వదిన వాకిట్లో బట్టలారేస్తోంది. చూసి లోపలికి రమ్మంది.

గుమ్మానికి నోటీసు అంటించి ఉంది. ప్రసారం అయిన నాలుగో రోజుకి ఖాళీ చెయ్యాలి. చేస్తే, ఆజ్ఞ మీరినవాడి కుటుంబం వెళ్ళగలిగేది ఒక్కచోటికే: గోడకి అవతల, సముద్రం వైపు దిబ్బల మీదికి. అక్కడ కరెంటు లేదు, బడి లేదు. మళ్ళీ పడవలొస్తే అడ్డం ఏమీ ఉండదు.

పతకం మాట ఆవిడకి తెలుసు. వీధి గోడ మీద నా ఫొటో రోజుకి పది మాట్లు వస్తోందట. కోపంగా ఏమైనా అంటుందని ఎదురుచూశాను. అలాంటిదేమీ లేదు. టీ ఇచ్చింది. కూతురు యామిని, పదేళ్ళది, గడప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తరగతిలో తనే మొదట ఉందట ఈసారి. ఆ సంగతి రెండుసార్లు చెప్పింది వదిన.

బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

“నానేటీ పెద్ద కోరిక కోరడం లేదు సెల్లీ. ఆయన పేరు గోడ మీద ఎక్కించమనీ అనను. గుంట సదువు ఈ ఏడు పూర్తయ్యేదాకా ఈ ఇంట్లో ఉండనిమ్మను. నీ మాటిప్పుడు ఇంటారు.”

అడుగుతానన్నాను. ఆవిడ నన్ను ఇంకొక మాట కూడా అడుగుతుందని భయపడుతూనే లోపలికి వెళ్ళాను. ఆయన ఆఖరున ఎలా పోయాడని. అడగలేదు.

ఏడో రోజు

మా మేజర్ హేమాద్రి శిబిరానికి వస్తే విషయం చెప్పాను. కౌండిన్య కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేజరుగారు కుర్చీ జరుపుకుని, నీ కార్యక్రమం ఏ గొడవా లేకుండా జరిగితే నోటీసు ఏడాదిపాటు నేను ఆపిస్తానన్నారు. రాసిస్తారా అని అడిగాను. నా మాట చాలదా అన్నారు. చాలునన్నాను. ఇంకేమనను.

సాయంత్రం వదినకి ఫోన్ చేసి చెప్పాను. నన్ను చల్లగా ఉండమంది. యామిని కూడా ఫోన్ తీసుకుని థాంక్యూ ఆంటీ అంది.

ఇవాళ్టికి మనసు కుదుటపడింది. నాలుగు వాక్యాలు అబద్ధం వింటూ నిలబడితే రెండు ప్రాణాలు గోడకి ఇవతల ఉంటాయి. అంతకంటే కష్టమైన పనులు చేశాను.

పదో రోజు

రిహార్సల్. నేను వేదిక మీద చెప్పాల్సింది మూడు వాక్యాలు. “నా బాధ్యత నేను చేశాను. ఆజ్ఞ నాకు ధైర్యం ఇచ్చింది. ఈ పతకం గోడ వెనక నిద్రపోతున్న ప్రతి బిడ్డది.” ఇరవై ఆరుసార్లు చెప్పించారు. ఇరవై ఆరోసారికి నాకే నిజమనిపించింది. అది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

పన్నెండో రోజు

కార్యక్రమం అయిపోయింది. ఇది రాసే పడుకుంటాను.

హాలులో ఆరువందల మంది. పైన ఒక పెద్ద ఎర్ర బల్బు. అది వెలిగితే చప్పట్లు, ఆరితే నిశ్శబ్దం. నా వంతు ఏడోది. కాగితం చదివారు. తలుపు బొమ్మ వెనక తెర మీద వచ్చింది. మంత్రిగారు పతకం గుచ్చారు. ఆ పైన నాకు చెప్పని పని ఒకటి చేశారు. ఆ ఏడుగురు పంపు కార్మికుల్నీ వేదిక మీదికి తీసుకొచ్చి వరుసగా నన్ను కావలించుకోమన్నారు.

మొదటి ఆరుగురూ కళ్ళు దించుకుని వచ్చి వెళ్ళిపోయారు. ఏడోవాడు ముసలాయన, పేరు తాతారావు. ఆ రోజు ఆఖరున పైకి చేరింది ఆయనే. ఆయన నన్ను పట్టుకుని వదల్లేదు. చెవి దగ్గర అన్నాడు:

“ఆ బాబు బుజం మీద కాలేసి ఎక్కేనమ్మా. బూటు కాలు. ఆ మాట సెప్తానంటే ఈళ్ళు సెప్పనివ్వలేదు.”

ఆయన్ని పక్కకి లాగేశారు. ఎదురుగా మైకు ఉంది. నేను చెప్పాల్సిన మూడు వాక్యాలు కింది తెర మీద కదులుతున్నాయి. యామిని గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చింది, మరిచిపోయి చేశానని రాసుకోను. అయినా నోరు తెరిస్తే వేరే మాటలు వచ్చాయి.

“ఈ ఏడుగురినీ నేను కాపాడలేదు. హవల్దార్ సూరాడ పోలయ్య కాపాడాడు. నేను ఆజ్ఞ ప్రకారం తలుపు మూశాను. ఆయన ఆజ్ఞ కాదని అవతలికి వెళ్ళాడు. ఆయన పేరు గోడ మీద లేదు. ఉండాలి.”

ఒక్కరూ అడ్డు రాలేదు. మైకు ఆపలేదు. ఆశ్చర్యపోయాను. ఎర్ర బల్బు వెలిగింది. ఆరువందల మందీ చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా కొట్టారు. దిగి వచ్చాక కౌండిన్య మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, కూర్చోండి, అలసిపోయారన్నాడు. అంతే.

భయపడిందంతా వృథా అనిపిస్తోంది. ఊరంతా చూసింది. ఊరంతా విన్నాక ఆ ఇంటిని ఎవరు ఖాళీ చేయిస్తారు?

పదమూడో రోజు

పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోంది. ఎంత బాగా మాట్లాడావే, గోడ వెనక నిద్రపోయే బిడ్డల మాట అన్నప్పుడు వీధిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు అంది.

నేను ఆ మాట అనలేదమ్మా అన్నాను. అన్నావు, నేను విన్నానుగా అంది.

శిబిరం హాల్లో ప్రసారం మళ్ళీ వేస్తుంటే వెళ్ళి చూశాను. నేను మెట్లెక్కుతున్నాను. మంత్రిగారు పతకం గుచ్చుతున్నారు. ఏడుగురూ నన్ను కావలించుకున్నారు, తాతారావు కూడా, చిరునవ్వుతో. తరవాత నేను పళ్ళు కనబడకుండా నవ్వి, ఆ మూడు వాక్యాలూ చెప్పాను. రెండో వాక్యం దగ్గర గొంతు జీరబోయింది. మూడో వాక్యానికి కుడి కంట్లోంచి ఒక చుక్క జారింది. నేను ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

కౌండిన్య నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ప్రసారంలో కనబడే మనుషుల్నీ మాటల్నీ అద్దాల గదిలో తీసుకున్న కొలతలతో మిషను ముందే తయారు చేసి ఉంచుతుందనీ, తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా హాలులో జరిగింది జరిగినట్టు బయటికి పోలేదనీ చెప్పాడు. గొప్పకి చెప్పలేదు, దాచలేదు కూడా. ఏటా ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడతారట. అది ఎలాగూ బయటికి పోదు కాబట్టి మైకు ఆపరట.

“మరి నన్నెందుకు నిలబెట్టారు అక్కడ?” అన్నాను.

“ప్రసారంలో కలపడానికి చప్పట్లు నిజమైనవి కావాలండీ. అవి మాత్రం మిషను సరిగా చెయ్యలేకపోతోంది,” అన్నాడు.

పతకం వెనక్కి తీసుకోరట. తీసుకోవడానికి కారణం లేదు, నేను ఏ తప్పూ మాట్లాడినట్టు ఎక్కడా రికార్డు లేదు. మేజరుగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడోసారి ఆయన గుమస్తా ఎత్తి, నోటీసు ఆపడం కుదరలేదని చెప్పమన్నారు అన్నాడు. ఎందుకని అడిగాను. ఆ హాల్లో మేజరుగారు మూడో వరుసలో కూర్చున్నారట.

పదహారో రోజు

నీటి మట్టం: నాలుగో తలుపు గడపకి పదకొండు అడుగుల కింద. బయటి సొరంగంలో నీళ్ళు తోడేసి బాగు చేశారు, బండ్లు పోతున్నాయి. ఇవాళ తెలుసు, ఎందుకంటే అటే వెళ్ళాను.

చివరి ఇంటి ముందు చిన్న ట్రక్కు ఆగి ఉంది. సామాను ఎక్కువేమీ లేదు. మంచం, రెండు ట్రంకు పెట్టెలు, గిన్నెల మూట, యామిని పుస్తకాలు. ట్రక్కు డ్రైవరు దిగలేదు, ఇలాంటి ఇళ్ళకి సాయం చెయ్యకూడదని వాళ్ళకి చెప్పి పంపుతారు. చుట్టుపక్కల తలుపులు మూసి ఉన్నాయి. నేను వెళ్ళి ఒక పెట్టె ఎత్తాను. బరువుగానే ఉంది.

నూకరత్నం నన్ను చూసి చేతిలో తాడు కింద పెట్టింది. వీధి గోడ మీద నేను మాట్లాడింది చూసిందట. గుంట కోసమే వాళ్ళు చెప్పమన్నట్టు మాటాడావనుకున్నాను, మరి నోటీసు ఎందుకు ఆగలేదని అడిగింది. జరిగిందంతా చెప్పాను. హాలులో ఏమన్నానో, ఊరికి ఏమి వినబడిందో. ఆయన పేరు ఆరువందల మంది ముందు చెప్పానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో, ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంటుందనే అనుకున్నాను.

“నన్నడిగినావేటి?” అంది.

“లేదు వదినా.”

“మా ఇల్లు పందెం పెట్టి మాటాడినావు. నాకేటి కావాలో నాకు తెలీదా? పేరొద్దు, ఇల్లు సాలని నీకు సెప్పాను. ఇన్నావు. టీ తాగి మరీ ఇన్నావు.” గొంతు పెంచలేదు. “నీ పతకం నీ కాడే ఉన్నాదా?”

ఉందన్నాను.

తలూపి, తాడు తీసుకుని మంచానికి కట్టడం మొదలుపెట్టింది. నేను పెట్టె పట్టుకునే నిలబడ్డాను. ముడి వేస్తూనే, నా వైపు చూడకుండా అడిగింది.

“ఆ గొట్టం కూలిపోయింతర్వాత, ఆయన తలుపు కాడికొచ్చాడా?”

ఈ పుస్తకంలో నేను ఇంతవరకు రాయనిది ఇదే. విచారణలో ఎవరూ అడగలేదు. వేదిక మీద నిజం చెప్పానని పొంగిపోయిన రోజు కూడా నేను చెప్పలేదు. వచ్చాడన్నాను. పానాతో తలుపు మీద కొట్టాడనీ, వైర్‌లెస్‌లో నన్ను పేరు పెట్టి పిలిచాడనీ చెప్పాను. మూరెడెత్తు లేపు దమయంతీ, నీళ్ళే నన్ను అటు తోసేస్తాయి అన్నాడు. నేను కంట్రోలుని అడిగాను. వద్దన్నారు. మూరెడు లేపితే లోపల మోకాలిదాకా నీళ్ళు వచ్చేవి. పంపులు అరగంటలో తోడేసేవి. ఆ లెక్క నాకు అప్పుడే తెలుసు. ఆయనకీ తెలుసు, నాకు ఆ లెక్క నేర్పింది ఆయనే.

“ఎంతసేపు కొట్టాడు?”

“నాలుగు నిమిషాలు.”

“నీ సెయ్యి ఎక్కడున్నాది?”

“మీట మీదే ఉంది వదినా.”

ఆవిడ ముడి పూర్తి చేసింది. లాగి చూసింది. యామిని ట్రక్కు దగ్గర పుస్తకాల మూటతో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. ఎంతవరకు వినబడిందో తెలియదు.

“అది దించు,” అంది వదిన.

పెట్టె సంగతి అని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. దించాను.

“యామినీ, ఇలారా. ఒక పక్క అట్టుకో.”

పిల్ల వచ్చి ఒక పిడి పట్టుకుంది. వదిన రెండోది పట్టుకుంది. పిల్ల ఎత్తు చాలక పెట్టె ఒక పక్కకి వాలిపోతోంది. ట్రక్కుకి ఇరవై అడుగులుంటుంది. ఆ ఇరవై అడుగుల్లో రెండుసార్లు కింద పెట్టి చేతులు మార్చుకున్నారు. నేను కదల్లేదు.

ట్రక్కు గోడ వెంబడి వెళ్ళి నాలుగో తలుపు దగ్గర ఆగింది. మీట దగ్గర ఎవరో కొత్త కుర్రది ఉంది. కాగితాలు చూసి తలుపు ఎత్తింది. ట్రక్కు బయటికి వెళ్ళగానే దించేసింది. నలభై సెకన్లు.